కదలని సైకిలే క్షేమం

పిల్లల సైకిలుకు చక్రాలు ఉండటం ఘోరమైన డిజైన్ లోపమని నా నిశ్చితాభిప్రాయం!

నవ్వకండి. కాసేపు తీరిగ్గా ఆలోచించండి. సైకిల్లో ప్రమాదకరమైన భాగం ఏది? సీటా? పాపం, ఎవరెక్కి కూర్చున్నా అది కిక్కురుమనదు. హ్యాండిలా? ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పెళ్ళయిన మగవాడిలాగా. బెల్లా? దానికి నోరుంది తప్ప చేతుల్లేవు. గొడవంతా ఆ రెండు చక్రాలతోనే! అవి తిరిగితే సైకిల్ కదులుతుంది. సైకిల్ కదిలితే పైనున్న పిల్ల కదులుతుంది. పిల్ల కదిలిందంటే కన్నతండ్రి బీపీ కదులుతుంది. ఇంత అనర్థానికి మూలమైన చక్రాలను కంపెనీల వాళ్ళు ఇంకా ఎందుకు బిగిస్తున్నారో నాకైతే అర్థం కాదు.

కాబట్టి పాఠకులకు నేను మనవి చేసుకునేది ఒక్కటే. కదలని సైకిలే క్షేమమైన సైకిల్.

ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మన కాలానిది. దానికి మనం 'సేఫ్ సూపర్‌వైజ్డ్ రైడ్' అని ముద్దుగా పేరు పెట్టుకున్నాం. అంటే, పిల్లలు సైకిల్ ఎక్కుతారు, పెద్దలు పర్యవేక్షిస్తారు, సైకిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొందరు పెద్దమనుషులు దీన్ని చాదస్తం అంటారు. "మా చిన్నప్పుడు బ్రేకుల్లేని సైకిళ్ళు తొక్కాం, ఎవడైనా చచ్చాడా?" అని మీసం మెలేస్తారు. చచ్చినవాడు లేచొచ్చి జవాబు చెప్పడు కదా, అదీ వాళ్ళ ధైర్యం!

నా మాట మీద గురి కుదరకపోతే మా బావని చూడండి. మా అక్క మొగుడు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం. ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కి, దిగి, తాళ్ళు లాగి, తలుపులు తట్టి, ఏది ఎప్పుడు తెగిపడుతుందో ముందే చెప్పడం ఆయన పని. మీరూ నేనూ లిఫ్టుని చూస్తే పైకి వెళ్ళే వస్తువు కనిపిస్తుంది. ఆయన చూస్తే ఇంకా కిందపడని వస్తువు కనిపిస్తుంది. గోడగడియారం, నిచ్చెన, పైనింటి బాల్కనీలో పూలకుండీ, ఆయన దృష్టిలో అన్నీ అదే జాబితా.

"ఇంతవరకూ పడలేదంటే ఇకముందు పడదని కాదు బామ్మర్దీ. దాని టైమ్ ఇంకా రాలేదంతే" అంటాడు, కాఫీ కప్పుని టేబుల్ అంచు నుంచి లోపలికి జరుపుతూ.

ఇలాంటి మనిషికి దేవుడు కూతుర్నిచ్చాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఆ కూతురికి సైకిల్ పిచ్చి కూడా ఇచ్చాడు!

మా మేనకోడలికి బళ్ళో ఒక చక్కటి పేరుంది. ఇంట్లో మాత్రం గంటమ్మ. ఒకటో తరగతి చదువుతోంది. ఎర్రరంగు సైకిల్ కొన్న రోజునుంచీ దాన్ని తొక్కే యోగం లేక, పార్కింగులో స్టాండ్ వేసిన సైకిల్ మీదే కూర్చుని ట్రింగ్ ట్రింగ్ మని బెల్లు కొడుతూ ఉంటుంది. బళ్ళోంచి రాగానే ఒక విడత, అన్నం తిన్నాక ఇంకో విడత. అపార్ట్‌మెంటులో పగటినిద్ర పోయేవాళ్ళు ఆ దెబ్బకి ఉద్యోగాలు వెతుక్కున్నారు. అంచేత గంటమ్మ.

గంటమ్మకి ఈ ప్రపంచంలో ఒకే ఒక్క కోరిక. మా వీధికి ఆ చివర మా అమ్మ, అంటే దానికి అమ్మమ్మ, ఉంటుంది. తన సైకిల్ తనే తొక్కుకుంటూ అమ్మమ్మ గేటు దాకా వెళ్ళాలి. అక్కడ ఆగి బెల్లు కొట్టాలి. అమ్మమ్మ వచ్చి గేటు తియ్యాలి. అంతే! విమానం అడిగిందా? ఏనుగుని అడిగిందా?

మా అమ్మేమో ఆజ్యం పొయ్యడంలో ఆరితేరిన మనిషి. "నువ్వు తొక్కుకుంటూ వచ్చి బెల్లు కొట్టు, నేను గేటు తీస్తా. మీ నాన్న కారులో తెచ్చి దింపాడనుకో, లోపలే కూర్చుని లేననిపిస్తా" అని దానికి మాటిచ్చేసింది. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే గేటు పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఆమె కుర్చీ అరిగింది తప్ప బెల్లు మోగలేదు. ఎందుకంటారా? సూపర్‌విజన్!

మొదటి ఆదివారం హెల్మెట్ దగ్గర ఆగిపోయాం. తలకి పెట్టి, బకిల్ బిగించి, వదులుగా ఉందేమోనని బావ పిల్లని మందుసీసాలాగా పట్టుకుని ఊపి చూశాడు. హెల్మెట్ ఊడలేదు కానీ పిల్ల తాగిన పాలు బయటికొచ్చాయి. రైడ్ క్యాన్సిల్. మరో ఆదివారం టైర్లు. గాలి ఎక్కువైతే పేలుతుంది, తక్కువైతే జారుతుంది. సరిగ్గా ఉందని ఎవరు చెప్పాలి? ఆయనే చెప్పాలి. కొట్టాడు, తీశాడు, కొట్టాడు, తీశాడు. చివరికి ఆయనకే ఆయాసం వచ్చి పడుకున్నాడు. ఇంకో వారం ఆకాశంలో ఎక్కడో ఒక మబ్బుతునక కనిపించింది. వాన పడితే? ఆపై వారం మబ్బే లేదు. ఎండ తగిలితే?

మా పక్కింట్లో పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడకి కవల మగపిల్లలు, గంటమ్మ కన్నా కాస్త చిన్నవాళ్ళు. వాళ్ళూ ఈ రైడ్‌లో సభ్యులే. బావకి పిల్లల్లో పడబోయే వస్తువులు కనిపిస్తే, ఆవిడకి విరగబోయే పళ్ళు కనిపిస్తాయి. బాక్సర్లు పెట్టుకునే రబ్బరు తొడుగులు తెచ్చి ముగ్గురి నోళ్ళలోనూ కుక్కింది. ఇక ఆ పిల్లలు ఎండ అన్నా, ఆకలన్నా, ఒంటికి అన్నా ఎవరికీ వినపడదు. ఎంత హాయి! ఇదంతా ఉత్త పెంపకం కాదండీ, ఒక కళ.

నన్నేమో ఈల ఇన్‌చార్జిగా వేశారు. ప్రమాదం వస్తే ఊదాలి. ఫోటోలు తియ్యడం అదనపు బాధ్యత. ఆరెంజ్ చొక్కాలు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, ప్రతి సైకిల్ వెనకా కర్రకి కట్టిన ఆరెంజ్ జెండా. ఆ ముగ్గురినీ వరసగా నిలబెడితే రోడ్డు పని జరుగుతోందనుకుని జనం పక్కకి తిరిగి వెళ్ళేవారు. నేను ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేవాణ్ణి. చుట్టాలందరూ "అబ్బ, ఏం తొక్కుతున్నారర్రా!" అని మెచ్చుకునేవారు. చక్రం తిరక్కుండానే కీర్తి! చెప్పండి, మీ చిన్నప్పుడు దక్కిందా ఈ భాగ్యం?

ఇక ట్రెయినింగ్ సంగతి. రైడ్ లేకపోయినా డ్రిల్ మాత్రం ప్రతివారం ఉండేది. పార్కింగులో బావ రెండు చేతులూ స్టీరింగ్‌లా పట్టుకుని, నోటితో "బుర్ర్ర్" మంటూ పిల్లల మీదికి వచ్చేవాడు. వాళ్ళు వెంటనే గోడవైపు జరగాలి, కాళ్ళు దించాలి, జెండా పైకెత్తాలి. ఎవరైనా ఆలస్యం చేస్తే మళ్ళీ మొదటికి.

"బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి?" అని అరిచేవాడు.

"బ్రేకులు!" అనేవాళ్ళు ముగ్గురూ, రబ్బరు నములుతూ.

"తర్వాత?"

"ముందెవరున్నారో!"

"తొందరగా ఉంటే?"

"ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి!"

వినడానికి చెవులకి ఎంత ఇంపుగా ఉండేదనుకున్నారు! నాకైతే కళ్ళు చెమర్చేవి.

మీలో అనుమానపు పక్షులు కొందరు అడగొచ్చు. ఆ కాస్త వీధి దాటడానికి ఇంత హంగామా దేనికయ్యా అని. మా వీధి మీకు తెలియదు మరి! చూడటానికి అమాయకంగా ఉంటుంది. ఈ చివర మెయిన్ రోడ్డు, ఆ చివర మా అమ్మ ఇల్లు, అది దాటి మలుపు తిరిగితే మళ్ళీ మెయిన్ రోడ్డు. మధ్యలో ఒక దర్జీ షాపు, ఒక బేకరీ. దీంట్లోంచి దూరి వెళితే పెద్ద సిగ్నల్ తప్పించుకోవచ్చు. ఈ రహస్యం ఊళ్ళో కార్లున్న ప్రతివాడికీ తెలుసు. అంచేత మా వీధిలో కార్లు నడవవు, దూసుకుపోతాయి.

ఫుట్‌పాత్ ఉందిగా అంటారా? బ్రహ్మాండంగా ఉంది. అటో వరస, ఇటో వరస, మా కార్లన్నీ దాని మీదే ఉంటాయి. మరి కారు కొన్నాక ఎక్కడ పెట్టుకోమంటారు, నెత్తిన పెట్టుకోమంటారా? పార్కింగులో పెడదామంటే అక్కడ పిల్లలకి సైకిల్ డ్రిల్ నడుస్తోంది. పిల్లల క్షేమం కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యలేమా?

ఇక్కడ మా బావ డ్రైవింగ్ గురించి ఒక్కమాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఏం తోలుతాడండీ! మనిషి నత్త, చక్రం పట్టాడంటే చిరుత. పొద్దున్నే గంటమ్మకి ప్యాడ్లు తొడిగి, విప్పి, బళ్ళో దింపి వచ్చేసరికి ఆయనకి రోజూ ఆఫీసు ఆలస్యమే. అప్పుడు కారు తీసి మా వీధిలోంచి ఒకటే పోవడం! ఆ హారన్‌కి దర్జీ సూది దారం తప్పుతుంది. గోడ మీద పిల్లి కాళ్ళు దగ్గరికి తీసుకుంటుంది. బేకరీవాడు రొట్టెల మీద గుడ్డ కప్పుతాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ గీత పడలేదు. పడలేదంటే... సర్లెండి, కథలోకి వద్దాం.

మొన్న ఒక గడ్డు సమస్య వచ్చిపడింది. గంటమ్మ పొడుగైపోయింది! సైకిల్ ఎక్కి పెడల్ మీద కాలు పెడితే మోకాళ్ళు వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి. వారం తిరిగేసరికి ఆ సైకిల్ని బావ తమ్ముడి కూతురికి ఇచ్చేయాలని ఇంట్లో నిర్ణయమైంది. కొత్తదానిలాగే ఉంది కదా మరి! టైరు అరగలేదు, చైనుకి దుమ్మంటలేదు. సూపర్‌విజన్ వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి, గమనించగలరు.

గంటమ్మ ఏడవలేదు. ఏడిస్తే బావకి ఎలా ఊరడించాలో తెలుసు. అది ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, పెద్దమనిషిలాగా మాట్లాడింది.

"నాన్నా, ఇచ్చేసేలోపు ఒక్కసారి. అమ్మమ్మ గేటు దాకా. తర్వాత ఇంకెప్పుడూ అడగను."

ఆ చివరి మాటకి మా బావ బిక్కచచ్చిపోయాడు. కూతురు అడుగుతూ ఉన్నంతకాలం కాదనడం ఆయనకి ఒక పని. అసలు అడగడమే మానేస్తే? ఆయన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, దాని బకిల్ని పెడుతూ తీస్తూ సోఫాలో కూర్చుండిపోయాడు. ప్రేమే అంతా. కాదని ఎవరన్నారు? ప్రేమకి భయం పట్టుకుంటే మనిషి ఎంత తికమక పడతాడో ఆ పూట ఆయన మొహంలో చూశాను.

"వదిలెయ్యవోయ్ ఒక్కసారి" అంది మా అక్క, డ్యూటీకి వెళ్ళడానికి చెప్పులేసుకుంటూ. "అది పడితే మోకాలు చెక్కుకుపోతుంది. పడనివ్వకపోతే దాని మనసు చెక్కుకుపోతుంది. మోకాలికైతే నా దగ్గర మందుంది."

మా అక్క నర్సు. దెబ్బలు తగిలిన వాళ్ళని రోజూ చూస్తుంది కాబట్టి దెబ్బలంటే ఆవిడకి అంత భయం లేదు.

ఆదివారం వచ్చింది. మబ్బు లేదు, ఎండ లేదు, టైర్లలో గాలి ఎక్కువా కాదు తక్కువా కాదు. సాకులన్నీ ఖర్చయిపోయాయి. నమ్మండి, నమ్మకపోండి, మేం గేటు దాటి వీధిలోకి వచ్చాం!

ఊరేగింపు ఇలా సాగింది. ముందు బావ, పిల్లల మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడుస్తూ. ఆయన వెనకేముందో ఆయనకి తెలియదు. ఆయన తర్వాత గంటమ్మ. ఆ వెనక కవలలు. పక్కన డాక్టరమ్మ, పిల్లల నోళ్ళవైపే చూస్తూ. ఆఖరున ఈల నోట్లో పెట్టుకుని నేను. కుక్కని తిప్పుతున్న ముసలాయన మమ్మల్ని దాటి వెళ్ళాడు. కాసేపటికి ఆ కుక్క పని ముగించుకుని, మళ్ళీ ఎదురొచ్చి, మమ్మల్ని చూసి జాలిగా తోకాడించింది. ఆ వేగంలో సైకిల్ నిలబడదు కాబట్టి గంటమ్మ అడుగడుక్కీ కాలు కింద పెడుతోంది. అయినా దాని మొహం వెలిగిపోతోంది. చక్రం తిరుగుతోంది మరి!

దర్జీ షాపు దాటి నా కారూ డాక్టరమ్మ కారూ నిలబెట్టి ఉన్న చోటికి వచ్చాం. అక్కణ్ణుంచి చూస్తే మా అమ్మ కుర్చీ కనపడుతుంది. ఆవిడ లేచి నిలబడి చెయ్యి ఊపింది. గంటమ్మ రెండో పెడల్ మీద కూడా కాలు పెట్టింది.

సరిగ్గా అప్పుడు బావ చెయ్యెత్తాడు.

"ఆగండి! ఐస్ ప్యాక్ లేదు!"

"ఎందుకు బావా ఇప్పుడు?"

"వాపొస్తే?"

"ఎవరికొచ్చింది వాపు?"

"వచ్చాక వెతుక్కుంటామా?" అని నన్ను గసిరి, పిల్లలవైపు తిరిగి వేలు చూపించాడు. "నేను వచ్చేదాకా ఎవరూ ఇక్కణ్ణుంచి కదలకూడదు. మెయిన్ రోడ్డు మీద మందుల షాపుకి వెళ్ళి ఇట్టే వచ్చేస్తా. నడిచొస్తే ఐస్ కరిగిపోతుంది, కారు తీస్తా."

లాజిక్‌లో తప్పేమైనా ఉందా చెప్పండి. నాకు కనపడలేదు.

ఆయన ఇంటివైపు పరుగెత్తాడు. గంటమ్మ పెడల్ మీంచి కాళ్ళు తీసి, అమ్మమ్మ కుర్చీవైపు చూస్తూ నిలబడింది. డాక్టరమ్మకి ఎవరిదో పన్ను సలుపుతోందని ఫోన్ వచ్చింది. నేను అప్పటిదాకా తీసిన ఫోటోల్లో ఏది గ్రూప్‌లో పెడితే బావుంటుందా అని ఏరుకుంటున్నాను. సూపర్‌విజన్ జోరుగా సాగుతోంది.

ఇక్కడ కాస్త మా బావ కారులో కూర్చోండి. పక్కసీట్లో ఐస్ ప్యాక్ ఉంది. రోడ్డు మీద పిల్లలు. అందులో ఆయన పిల్ల. కాపలా ఎవరు? ఫోన్‌లో తలదూర్చే బామ్మర్ది! ఈ వీధిలో కార్లు ఎలా వస్తాయో ఆయనకి బాగా తెలుసు. ఏ త్రాష్టుడో సిగ్నల్ తప్పించుకోవడానికి అడ్డదారిన పడి వస్తే? ఆ ఊహకే చెమటలు పట్టాయి. వాడికన్నా ముందే తను అక్కడ ఉండాలి. మెయిన్ రోడ్డు మీంచి వీధిలోకి తిరిగాడు. హారన్ మీద చెయ్యేశాడు. కాలు తొక్కాడు. దర్జీ సూది దారం తప్పింది.

గంటమ్మ ఆ చప్పుడు విన్నది.

వెంటనే డ్రిల్ మొదలుపెట్టింది. గోడవైపు జరగాలి. కానీ గోడవైపు నా కారుంది! దాని వెనక డాక్టరమ్మ కారుంది. రెంటి మధ్యా చిన్న సందు. గంటమ్మ కవలలిద్దర్నీ సైకిళ్ళతో సహా ఆ సందులోకి తోసేసింది. దాంతో సందు నిండిపోయింది. తన సైకిల్‌కి చోటు లేదు. దాన్ని అక్కడే వదిలేసి, జెండా కర్ర పీక్కుని, వాళ్ళ మీదుగా తనూ దూరి, చెయ్యి బయటికి చాపి జెండా ఎత్తింది. నాకు ఈల ఊదాలని గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి దాన్ని మింగినంత పనైంది.

బ్రేకుల కీచు వీధంతా వినపడింది.

కారు ఆగింది. ఎర్ర సైకిల్ దాని ముందు పక్కకి ఒరిగిపోయి ఉంది. హ్యాండిల్‌కి తగిలించిన బుట్ట నలిగి అప్పడమైంది. బంపరు ఒత్తిడికి బెల్లు ఒక్కసారి ట్రింగుమంది.

మా బావ స్టీరింగ్ వదల్లేదు. వదలడానికి వేళ్ళు రాలేదు. అద్దంలోంచి ఎదురుగా నలిగిన బుట్ట, ఆ పక్కన పైకెత్తిన ఆరెంజ్ జెండా, దాన్ని పట్టుకున్న చిన్న చెయ్యి కనిపిస్తున్నాయి. ఆ మోచేతి ప్యాడ్ పొద్దున తనే తొడిగాడు. ఊళ్ళో పడబోయే ప్రతి వస్తువునీ పసిగట్టే మనిషి, రోజూ తను తోలుకుపోయే వస్తువుని మాత్రం ఎన్నడూ ఇన్‌స్పెక్షన్ చెయ్యలేదు.

గంటమ్మ సందులోంచి బయటికొచ్చింది. నోట్లో రబ్బరు తీసి జేబులో పెట్టుకుంది.

"నాన్నా, దిగు."

దిగాడు. కారుని పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకంత స్పీడుగా వచ్చావు?"

"మీరు రోడ్డు మీద ఉన్నారు కదమ్మా... ఎవరైనా స్పీడుగా వచ్చి గుద్దేస్తారేమోనని..."

అక్కడే రోడ్డు మీద మోకాళ్ళ మీద కూలబడి, పిల్లని దగ్గరికి లాక్కుని, హెల్మెట్‌తో సహా గుండెకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చాడు. గంటమ్మ కాసేపు ఏడవనిచ్చింది. వీపు నిమిరింది. దానికీ పెదవి వణికింది కానీ, డ్యూటీలో ఉంది కదా, ఆపుకుంది.

"సర్లే, లే" అంది. "బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి?"

"బ్రేకులు" అన్నాడు బావ ముక్కు తుడుచుకుంటూ.

"తర్వాత?"

"ముందెవరున్నారో."

"తొందరగా ఉంటే?"

ఆయన తలదించుకున్నాడు.

"చెప్పు నాన్నా."

"ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి."

"మళ్ళీ చెప్పు. గట్టిగా."

చెప్పాడు. కవలలు సందులోంచి తొంగిచూస్తూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి, పిల్లలిద్దర్నీ వాటేసుకుని, వాళ్ళని ఇరికించుకున్న తన కారువైపు అదోలా చూసింది. నేను నా కారువైపు చూడలేదు. కొన్నిటిని చూడకపోవడమే మర్యాద.

గంటమ్మ సైకిల్ లేపింది. బుట్ట పోయింది కానీ చక్రాలు తిరుగుతున్నాయి. చెప్పానుగా, ఆ చక్రాలతోనే పేచీ అంతా!

"నేను ముందు వెళ్తా" అంది. "నువ్వు కారులో నా వెనకాల రా. నన్ను దాటకూడదు. హారన్ కొట్టకూడదు. ఇదిగో, ఈ జెండా కిటికీలోంచి బయటికి పట్టుకో."

పట్టుకున్నాడు!

ఆ తర్వాత మా వీధి ఒక వింత చూసింది. ముందు గంటమ్మ, మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటూ, ఈసారి కాలు కింద పెట్టకుండా, తొక్కుతూ. వెనక కవలలు. వాళ్ళ వెనక ఆరెంజ్ జెండా పట్టుకుని, పాకుతున్నట్టుగా మా బావ కారు. దాని వెనక సిగ్నల్ తప్పించుకోవడానికొచ్చిన కార్లన్నీ బారుగా! ఒకాయన హారన్ కొట్టీ కొట్టీ, తల బయటపెట్టి అరిచాడు.

"ఏంటయ్యా ముందు? పెళ్ళా చావా?"

మా బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సూపర్‌విజన్ జరుగుతోందండీ. మీరు కూడా నేర్చుకోండి!"

మా అమ్మ గేటు ముందు సైకిల్ ఆగింది. గంటమ్మ కాలు దించింది, వెనక్కి తిరిగి కారు ఆగిందో లేదో చూసుకుంది, అప్పుడు బెల్లు కొట్టింది. బంపరు దెబ్బకి దాని గొంతు కాస్త బొంగురుపోయింది. అయినా మోగింది. మా అమ్మ ఎదురుగానే నిలబడి ఉన్నా, ఒప్పందం ప్రకారం ఏమీ ఎరగనట్టు "ఎవరదీ?" అని అడిగి మరీ గేటు తీసింది.

"ఇంతకాలం పట్టిందేమే వెర్రిదానా ఈ మాత్రం రావడానికి?"

"నేనెప్పుడో వచ్చేసేదాన్ని అమ్మమ్మా" అంది గంటమ్మ, హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ. "నాన్నకి నేర్పేసరికి లేటయింది."

చూశారా పాఠకులారా! సూపర్‌విజన్ లేకుండా పని జరగదని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఎవరు ఎవర్ని చెయ్యాలన్న దగ్గరే చిన్న పొరపాటు దొర్లింది, అంతే. పెద్దవాళ్ళు కారు తీసిన ప్రతిసారీ ముందొక ఒకటో తరగతి పిల్లని సైకిల్ మీద నడిపించాలని నా సూచన. చిన్నపిల్లలకి అంత పని చెప్పడం భావ్యమా అంటారా? మరి మన కార్లకి అడ్డు తప్పుకునే పని వాళ్ళకి చెబుతూనే ఉన్నాం కదా, అది భావ్యంగానే తోచిందే మనకి!

ఇప్పుడు ఆదివారాలు మా బావ వీధి మొదట్లో రోడ్డుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. సిగ్నల్ తప్పించుకోవడానికి వచ్చేవాళ్ళని ఆపి, బ్రేకుల గురించి అడుగుతున్నాడు. జనం తిట్టిపోస్తున్నారు. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. కొత్త సైకిల్ మీద గంటమ్మ అటూ ఇటూ తిరుగుతోంది. రెండుసార్లు పడింది కూడా. మోకాలు చెక్కుకుపోతే మా అక్క మందు రాసింది. ఐస్ ప్యాక్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. నా కారు మాత్రం ఫుట్‌పాత్ మీద లేదు. ఎవరికో భయపడి తీశానని అపార్థం చేసుకోకండి. పిల్లది రోజూ బడికి వెళుతూ దాని బానెట్ మీద తట్టి "మామయ్యా, ఇదెప్పుడు లేస్తుంది?" అని అడుగుతుంటే, రంగు పోతుందేమోనని తీశాను.

చివరగా ఒక సవరణ. ఈ వ్యాసం మొదట్లో కదలని సైకిలే క్షేమమని రాశాను. పొరపాటున అచ్చుతప్పు పడింది. దయచేసి సైకిల్ అన్నచోట కారు అని దిద్దుకుని చదువుకోగలరు.